కాలవ గట్టు మీద సైకిలెక్కుతానంటున్న అమ్మలూకి

అమ్మలూ,

పొద్దున్నే మీ అమ్మ, అదే మా అక్క, ఫోన్. "నీ కూతురు తులూజ్ నుంచి సముద్రం దాకా సైకిల్ మీద పోతుందంట, ఒక్కత్తే అంట, నువ్వే నేర్పించుంటావ్" అని నన్నే తిట్టింది. నాకు నువ్వు ఒక్క ముక్క చెప్పలేదే అని కోపమొచ్చింది, ఫోన్ పెట్టేశాక మాత్రం మీ బాబాయ్‌కి రెండుసార్లు చెప్పుకున్నా, చూశారా మన పిల్ల ఫ్రాన్స్‌లో కనాల్ దు మిది కాలవ గట్టు మీద సెత్ రేవు దాకా తొక్కుతుందంట అని. అక్కని నేను ఒప్పిస్తాలే, ఆ సంగతి వదిలేయ్. కానీ ఇది మొత్తం చదువు, సగం చదివి బొటనవేలు ఎమోజీ పెట్టావంటే ఊరుకోను.

ముందు చిన్నవి చెప్పేస్తా. స్పేర్ ట్యూబులు రెండు, చిన్న పంపు. నీవి నలభై మిల్లీమీటర్ల టైర్లు కాబట్టి 30, 35 పీఎస్ఐ చాలు నీ బరువుకి, రాయిలా గాలి కొట్టకు. ఏదైనా అయితే 112. అక్టోబరు ఆఖర్లో తూసాఁ (ఆల్ సెయింట్స్ పండగ) సెలవుల్లో వెళ్తున్నావ్ కదా, ఆ నెల చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది, ముందురోజుదాకా ఆరున్నరకి ఉన్న వెలుతురు ఆవేళ ఐదున్నరకే పోతుంది, లైట్లు ఛార్జ్ చేసి పెట్టుకో. అది వేట సీజన్ కూడా, పొదల్లో తుపాకులు పట్టుకుని తిరుగుతుంటారు, నీకిష్టమైన ఆ నల్ల జాకెట్ కాదు, నారింజ రంగుది వేస్కో.

తిండి గురించి ఒక మాట. అక్కడ పల్లెటూళ్ళో మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే కొట్టు మూసేస్తారు, మళ్ళీ మూడో నాలుగో అయితేగానీ తియ్యరు, సోమవారం చాలాచోట్ల బేకరీ కూడా ఉండదు, అందుకని కనబడ్డప్పుడే కొనుక్కుని బ్యాగులో పడేసుకో. నీళ్ళు అయిపోతే ఊళ్ళో శ్మశానానికి వెళ్ళు. నవ్వకు, నిజమే చెప్తున్నా. పూల కుండీల కోసం గేటు దగ్గరే కుళాయి ఉంటుంది, సైకిల్ వాళ్ళంతా అక్కడే పట్టుకుంటారు, 'నాన్ పొతాబ్ల్' అని రాసుంటే మాత్రం తాగకు. మొదటిసారి నేను అలా పట్టుకున్నానని చెప్తే మా అమ్మ ఫోన్లోనే "ముందు తలస్నానం చెయ్యవే" అంది.

గాలి సంగతి మర్చిపోయా. పడమటి నుంచి కొడితే నీ అదృష్టం, వెనకాల నుంచి ఎవరో తోస్తున్నట్టుంటుంది. ఓతాన్ అని ఆగ్నేయం నుంచి ఒక గాలి వస్తుంది, అది మొహం మీద కొట్టిందంటే రోజుకి ముప్పై కిలోమీటర్లకే ఏడుపొస్తుంది, అప్పుడు పౌరుషానికి పోకుండా రైలెక్కెయ్.

ఇప్పుడు అసలు విషయం. తులూజ్ నుంచి నొరూజ్ దాకా యాభై కిలోమీటర్లు శుభ్రంగా తారు వేసి ఉంటుంది, ముసలివాళ్ళూ పిల్లలూ అందరూ తొక్కుతారు, అక్కడిదాకా నాకేం బెంగ లేదు. నొరూజ్‌లో ఒక గంట కూర్చో. కాలవ మొత్తంలో అదే ఎత్తైన చోటు, 189 మీటర్లు, నల్లకొండల నుంచి పిల్లకాలవ తవ్వి నీళ్ళు తెచ్చి అక్కడ పోస్తే సగం అట్లాంటిక్ వైపు, సగం మధ్యధరా వైపు వెళ్తాయి. ఉప్పు పన్ను వసూలు చేసుకునే రికే అనే ఆయన బుర్రలో పుట్టిన ఆలోచన అది, 1666లో మొదలుపెట్టి 1681లో కాలవ తెరిచేసరికి పాపం ఆయనే లేడు, కొన్ని నెలల ముందే పోయాడు. మీ బాబాయ్ ఇది చెప్పినప్పుడల్లా కళ్ళజోడు తుడుచుకుంటాడు.

నొరూజ్ దాటి ఓద్ జిల్లాలోకి వెళ్ళాక తారు పోతుంది. మట్టి దారి, కొన్నిచోట్ల సైకిల్ చక్రం పట్టేంతే, ఒక పక్క గడ్డి, ఇంకో పక్క నీళ్ళు. ఈమధ్య కొంత చదును చేశారని విన్నా, నేను తొక్కినప్పుడు లేదు. పైన చినార్ చెట్లు. ఏదో బూజు తెగులొచ్చి 2006 నుంచి వేల చెట్లు కొట్టేసి తగలబెట్టారు, మిగిలిన చోట వాటి వేళ్ళు దారికి అడ్డంగా, ఐమూలగా, ఒక్కోచోట దారి వెంబడే పాముల్లా పడి ఉంటాయి. అడ్డంగా ఉన్న వేరు ఏం చెయ్యదు, ఎగిరి దాటుతావ్. దారి వెంబడి పడుకున్నదే చంపుతుంది.

2013 సెప్టెంబరు ఆఖరు. కాస్తెల్‌నొదారి దాటి బ్రామ్ వైపు వెళ్తున్నాం. రాత్రంతా వాన. అంతకి రెండు వారాల ముందే క్లిప్ షూస్ కొనుక్కున్నా, పెడల్‌కి టక్కుమని అతుక్కుంటాయి కదా, ఆ చప్పుడంటే నాకు భలే గర్వం, నలభై ఆరేళ్ళకి రేసరైపోయినట్టు. మీ బాబాయ్ పొద్దున్నే అన్నాడు, ఇవాళ దారి బాలేదు, మామూలు పెడల్స్ వేసుకో అని. సంచిలో ఉన్నాయి కూడా! నేను వినలేదు, ఫొటోల్లో బాగోదని. ఆయన ముందు వెళ్ళిపోయాడు. నేను బ్రామ్ ఇంకెంత దూరమో చూద్దామని ఫోన్ వైపు ఒక్కసారి, ఒక్క చూపు చూశానంతే, ముందు చక్రం ఆ తడి వేరు మీదకెక్కి సబ్బు మీద జారినట్టు జారింది. ఎడమ కాలు కింద పెట్టబోయా, రాలేదు. మడమ బయటికి తిప్పితే ఊడుతుందని తెలుసు, తెలిసిన తెలివి ఆ అర సెకనులో రాలేదమ్మా. ఎడమవైపు కాలవ.

సైకిలూ నేనూ కలిసే జారాం. కాలు పెడల్‌కి అతుక్కునే ఉంది, సైకిల్ బరువుకి లోపలికి లాగుతోంది, కింద బురద, ఛాతీ దాకా నీళ్ళు, ఆ కాలవ లోతు రెండు మీటర్లు. నన్ను పడేసిన వేరే చేతికి దొరికింది, దాన్నే పట్టుకుని వేలాడా. అరుద్దామంటే గొంతు రాలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఏంటో తెలుసా, ఉయ్యూరులో బందరు కాలవ వాసన. అదే బురద వాసన. కాలవ గట్టెక్కితే కాళ్ళిరగ్గొడతానని అమ్మమ్మ కర్ర పట్టుకుని కూర్చునేది, మీ అమ్మ ఆవిడ నిద్రపోయాక మగపిల్లలతో పోయి ఈత నేర్చేసుకుంది, నేను బుద్ధిగా అరుగు మీద కూర్చుని నేర్చుకోకుండా మిగిలిపోయా. అందుకే మీ అమ్మకి దొంగలంటే భయం, చలి అంటే భయం, నాకు నీళ్ళు తప్ప ఇంకేదీ గుర్తుండదు.

ఒక పడవ వచ్చింది. ముసలాయన పొడుగాటి కొక్కెం కర్రతో సైకిల్‌ని ఎత్తి పట్టుకున్నాడు, వాళ్ళావిడ వంగి నా షూ విప్పింది, షూ పెడల్‌కే ఉండిపోయి కాలు బయటికొచ్చింది. కాఫీ ఇచ్చారు, తువ్వాలిచ్చారు. ఇద్దరి పేర్లూ అడగలేదు నేను, ఏడుస్తూ మెర్సీ మెర్సీ, అదే థాంక్యూ, అనడమే. మీ బాబాయ్ వెనక్కి తిరిగొచ్చేసరికి పడవలో కూర్చుని ఉన్నా, ఆయన మొహం చూసి నేనే ఆయన్ని ఓదార్చాల్సొచ్చింది.

నువ్వు వెళ్ళే రోజులకి పడవలు బాగా తగ్గిపోతాయి, ఎక్లూజ్‌ల దగ్గర, అదే మన లాకుల దగ్గర కూడా మనుషులు పెద్దగా ఉండరు. రాలిన ఆకులు వేళ్ళని కప్పేసి ఉంటాయి. అందుకని ఇరుకు దారి, పైగా తడి కనబడితే దిగి నడువు. సిగ్గుపడకు. ఫోన్ చూడాలంటే కాలు నేల మీద పెట్టి చూడు. నీకు ఈతొచ్చని తెలుసు, షూ అతుక్కున్నాక ఈతొచ్చినా ఒకటే.

కాలవే వద్దంటే ఇంకో దారి ఉంది, నాకైతే అదే ఇష్టం. మజామే నుంచి బెదారియూ దాకా పాత రైలు పట్టాలు పీకేసి వేసిన దారి, పాస్సా పాయీస్ అంటారు, దాదాపు 80 కిలోమీటర్లు, కార్లు లేవు, రైలు నడిచిన దారి కాబట్టి ఎక్కుడు కూడా మెల్లగానే ఉంటుంది. సొరంగాలొస్తాయి, వాటికి లైటు చాలు. ఒలార్గ్ దగ్గర వంతెన మీద ఆగి చూడు. అక్కడికెళ్తానంటే ఈ రాత్రికి హాయిగా నిద్రపోతా, కానీ నువ్వు సముద్రం చూడాలని పట్టుబడతావ్, నాకు తెలుసు, ఆ మొండితనం మా ఇంటిదే.

ఆ మామూలు పెడల్స్ ఇంకా తులూజ్ పక్కన రామన్‌విల్‌లో మా పాత పక్కింటావిడ గ్యారేజీలో ఉన్నాయి, తుప్పు పట్టుండవు, నూనె రాసి పెట్టా. ఆవిడకి మెసేజ్ పెట్టాను, శనివారం వెళ్ళి తెచ్చుకో. బిగించేటప్పుడు ఎడమదాని మర ఉల్టా తిరుగుతుంది, బలవంతంగా తిప్పి మర చెడగొట్టకు. బిగించాక ఫొటో పెట్టు, సైకిల్‌ది కాదు, పెడల్స్‌ది, రెండువైపులా.

మీ పిన్ని