పాఠకుల ప్రశ్నలు: చెట్ల మధ్య పెరుగుతున్న శివారు

ప్రశ్న: మహానగరానికి వెలుపల, దట్టమైన చెట్ల మధ్య ఏర్పడిన కాలనీలో మా కుటుంబం కొన్నేళ్లుగా నివసిస్తోంది. ఇళ్లు కట్టేటప్పుడు పెద్ద చెట్లను కొట్టకుండా వదిలారన్న సంతోషంతోనే ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు ఆ చెట్లే పైకొమ్మల నుంచి ఎండుకుంటూ వచ్చి ఒక్కొక్కటిగా చనిపోతున్నాయి. తెగులు ఏదీ కనిపించడం లేదు. పక్క స్థలంలో రెండో దశ పనులు మొదలు కాబోతున్నాయి. ఈసారైనా చెట్లు బతకాలంటే మేం ఏమి అడగాలి?

జవాబు: మీ చెట్లకు దెబ్బ తగిలింది ఇప్పుడు కాదు, ఇళ్లు కట్టిన రోజుల్లోనే అయి ఉండే అవకాశం ఎక్కువ. వేళ్లు దెబ్బతిన్న పెద్ద చెట్టు, తనలో నిల్వ ఉన్న ఆహారంతో కొన్నేళ్లపాటు పచ్చగానే కనిపిస్తుంది. ఆ నిల్వ తరిగిపోయాక పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి కట్టినవారు పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటారు కనుక, నెపం ఎండ మీదికో పురుగు మీదికో పోతుంది. అందుకే రెండో దశ మొదలు కాకముందే మీరు ఈ ప్రశ్న అడగడం నాకెంతో ఊరటనిచ్చింది.

చెట్టు ఎంత ఎత్తుంటే వేళ్లు అంత లోతుకు దిగుతాయని చాలామంది నమ్ముతారు. నిజానికి నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లలో అత్యధిక భాగం నేల పైపొరలో, సుమారు 60 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. పక్కలకు మాత్రం అవి కొమ్మల నీడను దాటి చాలా దూరం పాకుతాయి. ఆ నేల మీద బరువైన వాహనాలు తిరిగినా, ఇటుకలూ ఇసుకా గుట్టలుగా పోసినా, మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోయి వేళ్లకు ఆక్సిజన్ అందదు. చదును చేయడం కోసం చెట్టు మొదలు చుట్టూ కొత్త మట్టి పోసినా అదే జరుగుతుంది. నీటి గొట్టాల కోసం ఒక పక్కగా కందకం తవ్వితే ఆ వైపు వేళ్లన్నీ తెగిపోతాయి. గొడ్డలి తాకకుండానే చెట్టు చనిపోయే తీరు ఇది.

కాబట్టి ‘ఎన్ని చెట్లు ఉంచుతారు?’ అన్న ప్రశ్నతో తృప్తి పడకండి. ‘ఎంత నేలను ముట్టకుండా ఉంచుతారు?’ అని అడగండి. బ్రిటన్‌లో నిర్మాణ స్థలాల్లోని చెట్లకు సంబంధించిన బీఎస్ 5837 అనే ప్రమాణం దీనికి ఒక లెక్క చెబుతుంది. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కాండం వ్యాసం ఎంత ఉందో కొలిచి, దానికి 12 రెట్ల వ్యాసార్ధంతో చెట్టు చుట్టూ వృత్తం గీయాలి. కాండం వ్యాసం 50 సెంటీమీటర్లయితే చుట్టూ 6 మీటర్ల మేర నేలను కాపాడాలన్నమాట. ఆ వృత్తానికి గట్టి కంచె వేయాలి. అదీ మొదటి యంత్రం స్థలంలోకి రాకముందే వేయాలి. గొట్టాలు ఆ వృత్తం బయట నుంచి వెళ్లాలి, తప్పనిసరైతే వేళ్ల కింది నుంచి సొరంగంలా తొలిచి వేయాలి. ఈ షరతులను నోటిమాటగా కాక, అనుమతి పత్రంలోనే చేర్చమని పట్టుబట్టండి.

మరొక్క సంగతి. గుంపులో పెరిగిన చెట్టు సన్నగా, పొడవుగా ఎదిగి, ఇరుగుపొరుగు చెట్ల చాటున గాలిని తట్టుకుంటుంది. చుట్టూ ఉన్నవి కొట్టేసి దాన్ని ఒంటరిగా వదిలితే పెనుగాలికి కూలి ఇంటి మీద పడే ప్రమాదం ఉంది. ప్రతి స్థలంలోనూ రెండేసి చెట్లు వదలడం కన్నా, ఒకే చోట చిన్న వనాన్ని చెక్కుచెదరకుండా ఉంచడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా వీధుల పక్కన గడ్డి పెరిగిన మట్టి కాలువలున్నాయి. కొత్త ఇళ్లు పెరిగాక వానకు వీధుల్లో నీళ్లు నిలుస్తున్నాయి. కాలువలను సిమెంటుతో కట్టించాలని సంఘంలో కొందరు కోరుతున్నారు. అది సరైనదేనా?

జవాబు: తొందరపడవద్దని కోరుతున్నాను. అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి ఉత్తరాన, అడవి మధ్య 1974లో ప్రారంభమైన ‘ది వుడ్‌లాండ్స్’ అనే శివారు పట్టణం మీకు మంచి ఉదాహరణ. దాన్ని తలపెట్టిన జార్జ్ మిచెల్, ప్రణాళిక కోసం ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఇయాన్ మెక్‌హార్గ్ బృందాన్ని పిలిపించారు. ఆ బృందం ముందుగా నేల స్వభావాన్ని పరిశీలించి, నీటిని బాగా ఇంకించుకునే నేలను ఖాళీగా వదిలి, ఇంకించుకోని చోట ఇళ్లకూ రోడ్లకూ స్థలం కేటాయించాలని, వాన నీటిని గడ్డి కాలువల గుండా నెమ్మదిగా నడిపించాలని సూచించింది. తొలి దశల్లో ఈ పద్ధతిని పాటించారు. తర్వాతి దశల్లో చాలావరకు వదిలేసి రోడ్డు అంచున గట్లు కట్టి, నేల కింది గొట్టాల్లోకి నీటిని పంపే మామూలు పద్ధతికి మళ్లారు. ఆ మార్పు నాకు ఇప్పటికీ బాధాకరంగానే తోస్తుంది.

సిమెంటు కాలువ నీటిని మీ వీధి నుంచి త్వరగా పంపేస్తుంది. అయితే అన్ని వీధుల నీరూ ఒకేసారి దిగువకు చేరడంతో అక్కడి ఇళ్లు మునుగుతాయి, భూగర్భంలోకి ఇంకేది తగ్గి మీ చెట్లకూ తడి అందదు. ముందు మట్టి కాలువల్లో పూడిక తీయించండి. ఇళ్లవారు వాకిలి కోసం కాలువను పూడ్చిన చోట్ల, నీరు పారేలా తూములు పెట్టించండి. పెరడంతా రాతిపలకలు పరచిన వారితో మాట్లాడి కొంత నేలనైనా తెరిపించండి. ఇవన్నీ చేశాక కూడా నీరు నిలిస్తే, ఆ ఒక్క చోటికి ఇంజనీరును పిలిపించవచ్చు.

ప్రశ్న: కార్చిచ్చు భయంతో ఇంటి చుట్టూ చెట్లన్నీ కొట్టించమని పొరుగువారు ఒత్తిడి చేస్తున్నారు. కొట్టించాలా?

జవాబు: అక్కర్లేదు. అమెరికా అటవీ సేవా సంస్థలో పరిశోధకుడిగా పనిచేసిన జాక్ కోహెన్ పరిశోధనలు తేల్చిన దాని ప్రకారం, ఇల్లు అంటుకోవడమనేది ప్రధానంగా ఆ ఇంటి స్థితి మీద, దాని చుట్టూ 30 మీటర్ల లోపు ఉన్నవాటి మీద ఆధారపడుతుంది. గాలిలో ఎగిరివచ్చే నిప్పురవ్వలు కప్పు మీది ఎండుటాకుల్లోనో, గోడకు చేర్చి పేర్చిన కట్టెల్లోనో పడి రాజుకుంటాయి. గోడ నుంచి 1.5 మీటర్ల వరకు మండే వస్తువేదీ లేకుండా చూడండి. అక్కడి నుంచి 9 మీటర్ల వరకు చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగలకుండా, కింది కొమ్మలు పొదలను అందుకోకుండా కత్తిరించండి. కప్పునూ దాని అంచు తూములనూ ఎండకాలానికి ముందు శుభ్రం చేయించి, గాలి రంధ్రాలకు సన్నని లోహపు జాలీ బిగించండి. మీ పొరుగువారిని కూడా ఇదే పని చేయమని కోరండి, ఎందుకంటే ఇళ్లు దగ్గరగా ఉన్నప్పుడు వారి గోడ పక్కనున్న కట్టెల మోపు మీ ఇంటికీ ప్రమాదమే.