‘చిన్న మార్పే కదా’ అంటూ రోజూ మార్చమంటున్నారు

ప్రశ్న: బీటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రెడీమేడ్ దుస్తుల షాపులున్న సంస్థలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నా బాధ్యత. మార్కెటింగ్ వాళ్లు, అకౌంట్స్ వాళ్లు, స్టోర్ మేనేజర్లు ఫోన్‌లో, వాట్సాప్‌లో, కారిడార్‌లో ఎదురైనప్పుడు రోజుకో మార్పు అడుగుతారు. చేశాక ‘ఇలా కాదు’ అంటారు. ఆలస్యమైతే మాట పడేది నేనే. పెద్ద ఐటీ కంపెనీకి మారితే ఈ టెన్షన్ తప్పుతుందా?
- ఓ పాఠకురాలు

జవాబు: పూర్తిగా తప్పదు. పెద్ద సర్వీస్ కంపెనీల్లోనూ క్లయింట్లు మాట మారుస్తూనే ఉంటారు. కాకపోతే అక్కడ దాన్ని ‘చేంజ్ రిక్వెస్ట్’గా రాసుకుని, ఎన్ని గంటల పని, ఎంత ఖర్చు అని లెక్కగట్టి, అటు నుంచి అప్రూవల్ వచ్చాకే పని మొదలుపెడతారు. మీ ఆఫీసులో లేనిది ఈ లెక్క. దాన్ని మొదలుపెట్టడానికి మీ ఇప్పటి హోదా చాలు.

మార్పు అడగడాన్నే తప్పుగా తీసుకోకండి. సాఫ్ట్‌వేర్‌ను ఎలా తయారుచేయాలో చెబుతూ 2001లో 17 మంది నిపుణులు తెచ్చిన ‘అజైల్ మ్యానిఫెస్టో’ అనే ప్రకటన సూత్రాల్లోనే, పని చివరికొచ్చాక అడిగిన మార్పులనైనా ఆహ్వానించాలని ఉంది. అయితే ఆ దారిలో నడిచే స్క్రమ్ పద్ధతిలో ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చే బాధ్యత ఒక్కరిదే. వారిని ప్రొడక్ట్ ఓనర్ అంటారు. మీ దగ్గర అడిగేవాళ్లు ముగ్గురు, తేల్చేవాళ్లు ఎవరూ లేరు. ఆ బరువంతా మీ మీద పడుతోంది.

మీ బిల్లింగ్‌లోనే ఒక ఉదాహరణ చూద్దాం. ‘బిల్లు మొత్తం మీద పది శాతం తగ్గించేలా ఒక బాక్స్ పెట్టండి, చిన్న పనే కదా’ అని మార్కెటింగ్ మేనేజర్ అంటారు. ఆయనకు కనిపించేది ఆ బాక్స్ ఒక్కటే. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తుల ధర ఒక్కోటి 2,500 రూపాయల వరకు ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం జీఎస్టీ. పన్ను కలపకముందు 2,600 ఉన్న చొక్కాకు పది శాతం తగ్గిస్తే 2,340 అవుతుంది. శ్లాబే మారిపోయింది! అంటే బిల్లు మీది తగ్గింపును ఒక్కో వస్తువుకూ పంచి, పన్ను మళ్లీ లెక్కేయాలి. వారం తర్వాత ఆ చొక్కా వాపసు వస్తే కస్టమర్‌కు ఎంత ఇవ్వాలి? వాపసుకు రాసిచ్చే క్రెడిట్ నోట్‌లో ఏ పన్ను రేటు పడాలి? మీరు డేటాబేస్ గురించి ఎంత చెప్పినా వాళ్లకు ఎక్కదు. ఇదే ప్రశ్న వేసి చూడండి, అకౌంట్స్ మేడమే ‘ఆగండి, నేను చూసి చెబుతాను’ అంటారు.

అందుకే ఎవరు ఏది అడిగినా ముందు ‘ఇది దేనికోసం, ఎప్పటికి కావాలి’ అని తెలుసుకోండి. శని, ఆదివారాల ఆఫర్ కోసమే అయితే, ఆ రెండు రోజులకు కొన్ని వస్తువుల ధరలు మార్చిపెడితే సరిపోవచ్చు. కొత్త కోడ్ రాయాల్సిన పనే ఉండదు.

నోటిమాటగా అడిగినవాటికి ఆ రోజే రాతలో జవాబివ్వండి. ఉదాహరణకు: ‘సార్, మీరు చెప్పిన తగ్గింపు మార్పుకు నాలుగు రోజులు పడుతుంది. ముందు ఇది చేస్తే, స్టోర్ వాళ్లు అడిగిన స్టాక్ రిపోర్టు వచ్చే బుధవారానికి వెళ్తుంది. ఏది ముందు చేయాలో మా మేనేజర్‌తో మాట్లాడి చెప్పగలరా?’ ఇందులో కాదన్నదేమీ లేదు. నిర్ణయం మాత్రం తీసుకోవాల్సినవాళ్ల దగ్గరికి వెళ్లింది. అడిగినవన్నీ అందరికీ కనిపించే ఒకే షీట్‌లో రాయండి: ఎవరు అడిగారు, ఎందుకు, ఎవరు ఓకే చేశారు. వారానికోసారి అరగంట ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి వరస తేల్చమని మీ మేనేజర్‌ను అడగండి. పన్ను తప్పు పడటం, బిల్లు ప్రింట్ కాకపోవడం లాంటివి మాత్రం షీట్ కోసం ఆపకండి, వెంటనే సరిచేయండి.

‘ఇలా కాదు’ అన్నమాట తగ్గాలంటే కోడ్ రాయకముందే తెర ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించండి. మేనేజర్‌కు చూపిస్తే సరిపోదు. రద్దీలో బిల్లు కొట్టే క్యాషియర్ పక్కన ఒక పూట నిలబడండి, అక్కడ తెలిసే విషయాలు ఏ మీటింగ్‌లోనూ తెలియవు.

ఒక్కటి మాత్రం మానేయండి. రాత్రిళ్లు కూర్చుని ఎవరికీ చెప్పకుండా పూర్తి చేయడం. మీ కష్టం కనపడకపోతే, మార్పులకు సమయమే పట్టదని వాళ్లు నిజంగానే నమ్ముతారు.

ఉద్యోగం మారే ఆలోచనను మూడు నెలలు వాయిదా వేయండి. ఈ పద్ధతి కుదిరితే ఆ షీటే మీ అనుభవానికి రుజువు. బిజినెస్ అనలిస్ట్, ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘అవసరాలు మారినప్పుడు ఏం చేశారు’ అని తరచూ అడుగుతారు. అప్పటికీ వరస తేల్చడానికి ఎవరూ ముందుకు రాక, నింద మాత్రం మీకే మిగిలితే నిస్సంకోచంగా వేరేచోట ప్రయత్నించండి. అక్కడి ఇంటర్వ్యూలో మీరు కూడా ఒక ప్రశ్న అడగండి: ‘మీ టీమ్‌లో ఏ పని ముందు చేయాలో చివరిగా చెప్పేది ఎవరు?’