‘బై’కీ ‘అన్‌టిల్’కీ ‘వరకు’ అనే ఒకే అర్థం చెప్పుకుంటే వచ్చే చిక్కు

‘బై ఫ్రైడే’ అన్నా ‘అన్‌టిల్ ఫ్రైడే’ అన్నా తెలుగులో ‘శుక్రవారం వరకు’ అనే కదా, మరి తేడా ఎక్కడుంది అని మీరు అడిగారు. ఈ తేడా తెలియక ఒకసారి నేను రాసిన వాక్యం వల్ల ఇతరులు ఇబ్బంది పడ్డారు కనుక, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను విదేశాలకు పంపే ఒక ఒంగోలు కార్యాలయంలో నేను ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవాణ్ణి. నల్లని రాయిలో బంగారు చుక్కలు మెరిసే ఈ సరుకును కొనేవారు, ఓడకు ఎక్కించకముందే తమ మనిషిని పంపి, ఒక్కొక్క బ్లాకు మీద నీళ్లు పోయించి, పగుళ్లూ రంగూ చూసుకొని, నచ్చినవాటి మీద గుర్తు వేయించుకుంటారు. 12వ తేదీకల్లా బ్లాకులు కృష్ణపట్నం రేవుకు చేరి ఉంటాయని తెలియజేయడానికి నేను ‘ది బ్లాక్స్ విల్ బి ఎట్ ది పోర్ట్ అన్‌టిల్ ది ట్వెల్ఫ్త్’ అని రాశాను. 12వ తేదీ దాకే అక్కడ ఉంటాయనీ, ఆ తరువాత ఉండవనీ వారికి అర్థమైంది. వారి మనిషి 10వ తేదీ ఉదయమే రేవుకు వచ్చి నిలబడ్డారు. బ్లాకులు అప్పటికింకా క్వారీలోనే ఉన్నాయి. ఆయనను 150 కిలోమీటర్లకు పైగా వెనక్కి, చీమకుర్తికి తీసుకువచ్చి చూపించవలసి వచ్చింది. మా యజమాని ఆ ఉత్తరాన్ని నా ముందు పెట్టి, “ఇందులో తప్పెక్కడుందో నువ్వే చెప్పయ్యా” అన్నారు. ఎన్నిసార్లు చదివినా తప్పు నాకు కనిపించలేదు.

ఆ తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది ఇంగ్లీషు నిఘంటువులో కాదు, చిన్నప్పుడు మా అవ్వ చెప్పే రెండు మాటల్లో. ఆటకు వెళ్లేటప్పుడు “పొద్దుగూకేకల్లా ఇంటికి రా” అనేది. ఎండలో తిరగనివ్వకుండా “నాయన వచ్చేదాకా అరుగు మీదే ఉండు” అనేది. ‘కల్లా’ అన్నచోట పని ఒక్కసారి జరిగి ముగిసిపోతుంది, కాకపోతే ఆ సమయం దాటకూడదు. ‘దాకా’ అన్నచోట పని లేదా స్థితి ఆ సమయం వచ్చేంతవరకు తెగకుండా సాగుతూనే ఉంటుంది. మొదటిది ‘బై’, రెండోది ‘అన్‌టిల్’. అందుకే చేరడం, ముగించడం, కట్టడం, పంపడం వంటి క్రియలకు ‘బై’ కుదురుతుంది. ఉండడం, ఆగడం, దాచడం, ఎదురుచూడడం వంటివాటికి ‘అన్‌టిల్’ కుదురుతుంది. ఇంత స్పష్టమైన రెండు మాటలు మన నోట రోజూ ఆడుతుండగా, బడిలో రెండింటికీ ‘వరకు’ అని ఒకటే అర్థం రాయించడం వల్లనే ఈ చిక్కు వస్తోందని నా నమ్మకం.

‘వరకు’ ఎక్కువగా పొరపాటు చేయించేది గడువు విషయంలో. ‘ఫీజు కట్టడానికి 15వ తేదీ వరకు గడువు ఉంది’ అన్న తెలుగు వాక్యంలో దోషం లేదు, ఎందుకంటే అక్కడ సాగుతున్నది గడువు, కట్టడం కాదు. దానిని ‘పే ది ఫీ అన్‌టిల్ ది ఫిఫ్టీన్త్’ అని మారిస్తే, 15 దాకా రోజూ కడుతూనే ఉండమన్నట్టు అవుతుంది. ‘పే ఇట్ బై ది ఫిఫ్టీన్త్’ అనాలి. అయితే ‘యూ కెన్ పే అన్‌టిల్ ది ఫిఫ్టీన్త్’ అంటే తప్పు కాదు. అక్కడ కట్టవచ్చునన్న వెసులుబాటు అన్నాళ్లూ సాగుతుంది కదా.

ఇంకొక పొరపాటు కూడా మన తెలుగు నుంచే వెళుతుంది. ‘డబ్బు కట్టనంతవరకు సరుకు ఇవ్వము’ అని మనసులో అనుకొని ‘అన్‌టిల్ యూ డోంట్ పే’ అని రాసేస్తాము. ఇంగ్లీషువారు అక్కడ ‘డోంట్’ పెట్టరు. ‘కట్టేదాకా ఇవ్వము’ అని అనుకుంటే ‘అన్‌టిల్ యూ పే’ అని తిన్నగా వస్తుంది.

‘బై నౌ’, ‘అన్‌టిల్ నౌ’ కూడా ఇంతే. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఈపాటికి కావలి దాటి ఉంటుంది అంటే ‘బై నౌ’. ఇప్పటిదాకా స్టేషన్‌లోనే ఉన్నాను అంటే ‘అన్‌టిల్ నౌ’. ‘టిల్’ అర్థంలో ‘అన్‌టిల్’తో సమానమే. అది ‘అన్‌టిల్’ను కుదించిన మాట అని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి ‘టిల్’ అనేదే పాత మాట. ‘బిఫోర్ ఫ్రైడే’ అంటే మాత్రం శుక్రవారం లెక్కలోకి రాదు, గురువారానికే పని ముగియాలి. ‘అన్‌టిల్ ఫ్రైడే’లో శుక్రవారం కలుస్తుందో లేదో అనుమానం మిగులుతుంది కాబట్టి, వ్యాపారపు ఉత్తరాల్లో ఆ రోజు కూడా కలిసేటట్లయితే పక్కన ‘ఇన్‌క్లూజివ్’ అని చేర్చడం మంచిది.

మరుసటి నెల సరుకుకు నేను రాసిన వాక్యంలో రెండు మాటలూ వచ్చాయి: ‘ది బ్లాక్స్ విల్ రీచ్ ది పోర్ట్ బై ది ట్వెల్ఫ్త్ అండ్ స్టే దేర్ అన్‌టిల్ ది ట్వెంటీయత్, ఇన్‌క్లూజివ్’. బ్లాకులు 12వ తేదీకల్లా రేవుకు చేరి, 20వ తేదీ ముగిసేదాకా అక్కడే ఉంటాయని దాని అర్థం. ఆ మనిషి ఈసారి 14వ తేదీన వచ్చి, రేవులోనే బ్లాకులు చూసుకొని, గుర్తులు వేయించుకొని వెళ్లారు.