తగులుబడి చూసుకున్నాకే గోపురం

లూకా 14వ అధ్యాయంలో జనం గుంపులు గుంపులుగా వెంట వస్తుంటే యేసు ప్రభువు వెనక్కి తిరిగి, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని తగులుబడి, అంటే అయ్యే ఖర్చు, లెక్క చూసుకోడా అని అడిగాడు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ లెక్క గురించే. నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది ఎస్సీ కుటుంబం. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా మందిరానికి వెళ్తున్నాను, ప్రభువును నమ్మాను. బాప్తిస్మం అడిగితే, "తీసుకో, ఎస్సీ సర్టిఫికెట్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నారు. ఇంట్లో గ్రూప్-2 రాయమంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, "ఎవరికీ చెప్పకు" అన్న మాట గుచ్చుకుంది కాబట్టే మీరు ఉత్తరం రాశారు. ముందు చట్టం సంగతి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందికి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్, బీసీ-సికి 1 శాతం. మీ గోపురం ఖర్చులో మొదటి పద్దు ఇదే. (ఎస్టీలకు ఈ షరతు లేదు. గిరిజన విశ్వాసులు కూడా ఇదే భయంతో రాస్తుంటారు కాబట్టి చెబుతున్నాం.)

ఈ పేరా అన్యాయమని మేమూ అంటాం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు ఎవరి పల్లె ఏదో మర్చిపోదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ దాన్ని తీసేయమని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. ధర్నాలో కూర్చోండి, వినతిపత్రం మీద పేరు రాసి సంతకం పెట్టండి. అబద్ధం మీద సంతకం పెట్టడం మాత్రం వేరే సంగతి. క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగంలో చేరాక ఎన్నేళ్లకైనా ఎవరో ఒకరు ఫిర్యాదు పెట్టవచ్చు. అంతకంటే పెద్ద నష్టం లోపల జరుగుతుంది. ఆదివారం ప్రభువు నావాడని పాడి, సోమవారం అర్జీలో కాదని రాసినవాడికి ప్రార్థనలో నోరు పెగలదు.

కాబట్టి తొందరపడకండి. బాప్తిస్మానికి గడువు తేదీ లేదు. ఒక ఆదివారం సాయంత్రం అమ్మానాన్నలతో కాగితం ముందేసుకుని కూర్చోండి. వచ్చే స్కాలర్‌షిప్ ఎంత, వయసు సడలింపు ఎన్నేళ్లు, గత నోటిఫికేషన్‌లో ఎస్సీ కటాఫ్ ఎంత, బీసీ-సి కటాఫ్ ఎంత, అన్నీ అంకెల్లో రాయండి. "దేవుడే చూసుకుంటాడు" అని ఆ కాగితాన్ని మడిచిపెట్టేవాళ్లే ఆరు నెలల తర్వాత తిరిగి వెళ్లిపోతుంటారు. ఇప్పటికే ఎస్సీ కోటా ఉద్యోగంలో ఉన్నవారైతే సర్వీసు వ్యవహారాలు తెలిసిన లాయరును కలవకుండా అడుగు వేయవద్దు.

ఆ కాగితాన్ని తర్వాత సంఘ పెద్దల ముందు పెట్టండి. మార్కు 10:29-30లో, నా నిమిత్తం ఇల్లూ వాకిలీ వదిలినవాడికి ఇళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు నూరంతలుగా దొరుకుతారని ప్రభువు మాటిచ్చాడు. "హింసలతో పాటు" అని కూడా అక్కడే ఉంది. ఆ నూరు ఇళ్లు ఆకాశం నుంచి దిగవు, అవి సంఘంలో ఉన్న ఇళ్లే. నా కోచింగ్ ఫీజులో సంఘం ఎంత భరిస్తుంది, హైదరాబాదులో ఎవరింట్లో గది ఇస్తారు అని సిగ్గుపడకుండా అడగండి. బాప్తిస్మాల సంఖ్య చెప్పుకుని, దాని ఖర్చు మాత్రం కుర్రాడి నెత్తిన వదిలేసే సంఘం ప్రభువు ఇచ్చిన మాటను నిలబెట్టడం లేదు.

మీ పొరుగునే ఒక ఉదాహరణ ఉంది. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. కూడు కోసం ఎవరూ రాకూడదని ఆ 15 నెలలూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. చచ్చిన పశువు మాంసం ఇక తినం, జాతరకు డప్పు కొట్టం అని చెప్పినందుకు ఆ ప్రాంతపు విశ్వాసులకు కూలి ఆగింది, బావి మూశారు. అదంతా తెలిసే వాళ్లు నీళ్లలోకి దిగారు.

ప్రశ్న: నా జీతం 38,000. క్రెడిట్ కార్డు బాకీ 90,000. నాన్న మందులకు నెలకు 3,500. ముందు దశమభాగం 3,800 ఇస్తే దేవుడే అప్పు తీరుస్తాడని సంఘంలో అంటున్నారు. మందులు ఆపి ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: వద్దు. నాన్నగారి మందులు ఆపి ఇచ్చే కానుకను ప్రభువు మార్కు 7వ అధ్యాయంలోనే తిరగ్గొట్టాడు. అక్కడి మాట "కొర్బాను". తల్లిదండ్రులకు చెందాల్సింది దేవునికి అర్పించేశానని చెప్పి తప్పించుకోవడం అది.

ఇక అప్పు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే 90,000 మీద 3,150 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ పోతే ఏళ్లు పడుతుంది. కార్డును కత్తిరించి పక్కన పెట్టి, నెలకు 8,000 చొప్పున కడితే 16 నెలల్లో తీరుతుంది. ఈ 16 నెలలూ కానుక పూర్తిగా మానేయమని అనడం లేదు. ఒక చిన్న మొత్తం, ఉదాహరణకు 800, జీతం పడిన రోజే తీసి కవరులో పెట్టండి. నెలాఖరుకు మిగిలింది ఇద్దామంటే ఏమీ మిగలదు. అందుకే పౌలు కొరింథువారికి ఆదివారం ఆదివారం ముందుగానే తీసిపెట్టమన్నాడు. ఇచ్చేది లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి అని కూడా ఆయనే రాశాడు. అప్పు తీరిన నెలలో ఆ 8,000 మీ చేతికి వస్తుంది. అందులోంచి 3,800 దాటి ఇవ్వండి. అప్పటికి చేయి అలవాటు పడి ఉంటుంది.

ఇంకో మాట. ఇంత ఇస్తే అంత వస్తుందని చెప్పేది శిష్యత్వం కాదు, బేరం. అప్పు తీరకపోతే "నీకు విశ్వాసం చాలలేదు" అంటారు. అలా నిందపడి ప్రభువుకే దూరమైపోయిన వాళ్ల ఉత్తరాలు మాకు వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: శుక్రవారం రాత్రంతా జరిగే ప్రార్థనకు వెళ్తే మా ఆయనకు కోపం. ఆయన ఇంకా నమ్మలేదు. "మనుషులకు కాదు, దేవునికి లోబడాలి" అని తోటి సహోదరీలు అంటున్నారు.
– ఒక సహోదరి, కాకినాడ

జవాబు: అమ్మా, అపొస్తలులు ఆ మాట అన్నది యేసు నామంలో మాట్లాడవద్దని తమను అడ్డుకున్నప్పుడు. రాత్రి కూడిక టైంటేబుల్ గురించి కాదు. శుక్రవారం ఇంట్లో ఉండండి, ఆదివారం ఆరాధన మాత్రం వదలకండి. ఏది వదులుకుంటారో ఏది వదలరో ఆయనకు ఒకసారి నెమ్మదిగా చెప్పండి. 1 పేతురు 3:1లో, నమ్మని భర్త "వాక్యము లేకుండనే" భార్య నడవడి వల్ల ప్రభువు వైపు రావచ్చని ఉంది. మీ ఇంట్లో ఆ వచనానికి పని ఉంది. అయితే చెయ్యి చేసుకుంటే అది మీరు మోయాల్సిన సిలువ కాదు. 181కి ఫోన్ చేయండి, పెద్దలకు చెప్పండి.

ప్రశ్న: రక్షణ పొందిన కొత్తలో ఉన్న ఆనందం ఇప్పుడు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంట ప్రార్థన చేద్దామనుకుంటాను, వారం దాటదు. నేను శిష్యురాలిని కానా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్ (నైట్ షిఫ్టు ఉద్యోగం)

జవాబు: రాత్రి రెండింటికి ఇల్లు చేరే మనిషి నాలుగింటికి లేవడం భక్తి కాదు, ఒంటిని హింసించడం. మీరు ఓడిపోతున్నది విశ్వాసంలో కాదు, నిద్రలో.

ఇలా మొదలుపెట్టండి. లేచి కాఫీ తాగాక 25 నిమిషాలు. ఫోన్ వంటగది గూట్లో పెట్టి, అచ్చు బైబిలే తెరవండి. ఫోన్లో చదివితే మూడో వచనానికే మెసేజ్ మోగుతుంది. ఆదికాండం నుంచి మొదలుపెట్టినవాళ్లు చాలామంది లేవీయకాండంలో ఆగిపోతారు. కాబట్టి మార్కు సువార్త తీసుకోండి. రోజుకో అధ్యాయం చొప్పున 16 రోజులు. ఒక నోట్‌బుక్‌లో రోజుకు రెండే వాక్యాలు రాయండి: ఈరోజు యేసు ఏం చేశాడు, ఈరోజు నేను ఎవరికి ఏం చేయాలి. రెండోది పేరుతో సహా రాయాలి. "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే ఆ రోజు ఎవరినీ ప్రేమించలేరు.

ఆనందం గురించి. మత్తయి 13:44లో పొలంలో ధనం దొరికినవాడు "సంతోషముతో వెళ్లి" ఉన్నదంతా అమ్మాడు. అమ్మితే సంతోషం వస్తుందని కాదు, దొరికినందుకు సంతోషించి అమ్మాడు. మీరు రోజూ అమ్మకం లెక్కే చూసుకుంటున్నారు: ఎన్నింటికి లేచాను, ఎంతసేపు మోకరించాను అని. దొరికిన ధనం వైపు చూడటం మానేశారు. మార్కు చదివేటప్పుడు యేసునే చూడండి, ఎవరిని ముట్టుకున్నాడు, ఎవరితో భోంచేశాడు అని. పౌలు ఫిలిప్పీయులకు మళ్లీ మళ్లీ ఆనందించమని రాసింది సంకెళ్లలో ఉండి. ఆ నాలుగు అధ్యాయాల్లో తనకు వచ్చే లాభాల పట్టిక ఎక్కడా లేదు. స్నేహితుల పేర్లున్నాయి, ఎపఫ్రొదితు జబ్బు సంగతి ఉంది, అందిన కానుకకు కృతజ్ఞత ఉంది.

అందుకే వారానికోసారి, మీకు సెలవున్న రోజున, మీ సంఘంలో మంచాన పడ్డ ముసలమ్మ ఎవరైనా ఉంటే గంటసేపు వెళ్లిరండి. ప్రసంగం వద్దు. ఒక కీర్తన చదవండి, గోళ్లు తీయండి, మందులు ఏ పూట ఏవో డబ్బాలో సర్దిపెట్టండి. 25 నిమిషాలు బరువనిపిస్తే 15కి తగ్గించుకోండి, ఆ గంటను మాత్రం తగ్గించకండి.