నడుము నొప్పికి, నిద్రలేమికి యోగాను థెరపీగా వాడొచ్చా? నా అనుభవం

నడుము నొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం, ఎప్పుడూ ఏదో టెన్షన్. గ్రూప్ క్లాసులో చేరితే నొప్పి పెరిగింది, కానీ తెలిసినవాళ్లేమో యోగాతోనే తగ్గిందంటున్నారు, ఎవరిని నమ్మాలి అని మీరు అడిగారు. మీ అనుభవమూ, వాళ్ల మాటా రెండూ నిజమే అయ్యుండొచ్చండి. నడుము నొప్పి అని మనం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి చాలా రకాలు. ఒకరికి మందులా పనిచేసిన ఆసనం ఇంకొకరికి నొప్పి తెచ్చిపెడుతుంది.

మా ఇంట్లోనే చూశాను. నాకు డిస్క్ సమస్య. కూర్చుంటే, ముందుకు వంగితే నొప్పి. ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగేది. మా మామయ్యకు వెన్నుపూసలో నరాలు వెళ్లే దారి సన్నబడింది, డాక్టర్లు స్టెనోసిస్ అంటారు. ఆయన కూర్చుంటే హాయిగా ఉంటారు. కాస్త దూరం నడిస్తే కాళ్లు బరువెక్కిపోతాయి, ఎక్కడైనా కూర్చుని ముందుకు వంగితే మళ్లీ తేలికపడతాయి. ముందుకు వంగినప్పుడు ఆ దారి కొంచెం విచ్చుకుంటుంది కాబట్టి అలా. ఇద్దరం ఒకే యోగా థెరపిస్టు దగ్గరికి వెళ్లాం. మామయ్యకు వెల్లకిలా పడుకుని, ఊపిరి వదులుతూ మోకాళ్లు పొట్ట మీదికి తెచ్చుకునే అపానాసనం ఇచ్చారు. నాకు మొదట్లో అది వద్దన్నారు. నన్ను బోర్లా పడుకోబెట్టి, చేతుల మీద బలం పెట్టకుండా ఛాతీ మాత్రం కొద్దిగా పైకెత్తమన్నారు. భుజంగాసనంలో పావు వంతు అనుకోండి. అలా చేస్తుంటే పిక్కలో లాగుడు తగ్గి, నొప్పి నడుము దగ్గరికి చేరేది. మొదట్లో నడుములో నొప్పి ఎక్కువైనట్టు అనిపించి కంగారుపడ్డాను కానీ, కాల్లో ఉన్న నొప్పి వెన్ను వైపు వెనక్కి రావడం మంచి సూచనేనని, కిందికి పాకితే మాత్రం వెంటనే ఆపేయాలని మా థెరపిస్టు ఆవిడ చెప్పారు. తర్వాత మా ఆర్థోపెడిక్ డాక్టరు కూడా అదే మాటన్నారు.

మీ క్లాసులో ఏం జరిగిందో నేను చూడలేదు. కానీ అందరితో పాటు, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం చేయించి ఉంటే, మీది కూడా నాలాంటి డిస్క్ సమస్యే అయితే, నొప్పి పెరగడంలో వింత లేదు. అందుకే ‘నడుము నొప్పికి అయిదు ఆసనాలు’ లాంటి జాబితాలంటే నాకు భయం. జబ్బు పేరు ఒక్కటే చూసి ఆసనం చెప్పడం థెరపీ కాదని నా గట్టి అభిప్రాయం.

మరి థెరపీ అంటే ఎలా ఉంటుంది? మొదటి రోజు దాదాపు అంతా ప్రశ్నలే. ఎమ్మారై రిపోర్టు చూశారు. ఏ మందులు వాడుతున్నాను, పొద్దున లేవగానే ఎలా ఉంటుంది, ఎన్నింటికి మెలకువ వస్తుంది, కుర్చీలో ఏ కాలు మీద ఏ కాలు వేసుకుంటాను, అన్నీ అడిగారు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ తల వెనక్కి తీసుకెళ్లమన్నారు. చేతులు సగం దూరం వెళ్లేసరికి నా ఊపిరి నిండిపోయింది. మిగతా సగం బిగబట్టి లాగేశాను. భుజాలు చెవుల దాకా వచ్చాయి. ఆవిడ చూడాలనుకున్నదీ అదే. “ఊపిరి ఎక్కడ ఆగిపోతే చెయ్యి అక్కడ ఆగాలి. ఇవాళ్టికి మీ ఆసనం అంతే” అన్నారు. అప్పటిదాకా ఎంత వంగగలిగితే అంత యోగా అనుకునేవాణ్ణి. శరీరం ఎక్కడ ఇబ్బంది పడుతోందో ఊపిరే ముందు చెప్పేస్తుందని ఆ రోజు అర్థమైంది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. మైసూరులో, ఆ తర్వాత చెన్నైలో యోగా నేర్పిన తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) మనిషిని బట్టి సాధన మార్చాలని పట్టుబట్టేవారు. వయసు, ఆరోగ్యం, చేసే పని, ఊపిరి తీరు చూసి ఒక్కొక్కరికి విడిగా నేర్పేవారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో చెన్నైలో స్థాపించిన కృష్ణమాచార్య యోగ మందిరం ఈ పద్ధతికే పేరుపడింది. అంతకు చాలా ముందే, 1924లో, స్వామి కువలయానంద లోణావాలాలో కైవల్యధామ స్థాపించి ఆసన ప్రాణాయామాలు శరీరం మీద ఏం చేస్తాయో ప్రయోగశాలలో పరిశీలించడం మొదలుపెట్టారు. యోగసూత్రాలు రాసిన పతంజలి అయితే ఆసనం గురించి ‘స్థిరసుఖమాసనమ్’, అంటే కదలకుండా, హాయిగా ఉండేదే ఆసనం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పళ్లు బిగబట్టి వంగడానికి అందులో చోటు లేదు.

ఇక మీ నిద్ర సంగతి. నాకు అసలు మేలు జరిగింది ఇక్కడే అనిపిస్తుంది, ఎందుకంటే నిద్ర కుదుటపడ్డాకే నొప్పి కూడా నిజంగా దారికొచ్చింది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, తీసుకునేటప్పుడు కాస్త పెరుగుతుంది. కాబట్టి వదిలే ఊపిరిని పొడిగిస్తే శరీరం నెమ్మదిస్తుంది. పడుకునే ముందు నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలమన్నారు. మొదట్లో ఆరు దాకా సాగదీయబోతే ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆ మాట చెప్పగానే ఆవిడ లెక్క తీసేసి, వదిలేటప్పుడు తుమ్మెదలా సన్నగా శబ్దం చేయమన్నారు, భ్రామరి అంటారే, అది. లెక్క లేకపోయేసరికి ఊపిరి తనంతట తానే పొడవైంది. ఇలా పనిచేయనిదాన్ని వెంటనే మార్చేయడమే విడిగా నేర్చుకోవడంలో ఉన్న లాభం. వీడియో మీ ముఖం చూడలేదు కదా.

సాధన కూడా ఒకే రకంగా సాగలేదు. లాగుడు పూర్తిగా తగ్గాక తుంటి, పొట్ట కండరాల బలానికి నిలబడి చేసే ఆసనాలు కలిపారు. మొదట్లో వద్దన్న అపానాసనం కూడా చివరికి చేర్చారు. ఆఫీసు పని ఒత్తిడి బాగా ఉన్న రోజుల్లో మాత్రం ఆసనాలు తగ్గించి, పడుకుని ఊపిరి గమనించడం చాలన్నారు.

డాక్టరును వదిలేసి దీని వెంట పడమని నేను చెప్పను. దీర్ఘకాలపు నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను కూడా అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో చేర్చింది, కాబట్టి మీ డాక్టరుతో మొహమాటం లేకుండా మాట్లాడొచ్చు. కానీ కాలు బలహీనపడినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా అది యోగాకు సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే భస్త్రిక, కపాలభాతి వద్దు. గ్లకోమా ఉంటే తలకిందులుగా చేసేవి వద్దు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్లు వెన్ను గుండ్రంగా వంచే ఆసనాలకు దూరంగా ఉండాలి. బీపీ, షుగర్ మందులు మీ అంతట మీరు తగ్గించుకోకండి.

థెరపిస్టును ఎలా ఎంచుకోవాలంటే, మొదటి రోజు మీరేం మాట్లాడారో, వాళ్లేం మాట్లాడారో చూడండి. రిపోర్టులు అడగకుండా మ్యాట్ పరిచేవాళ్లు, ఫలానా రోజుల్లో తగ్గిస్తామని హామీ ఇచ్చేవాళ్లు వద్దు. మీరు రోజూ ఎంతసేపు చేయగలరో అడిగి, దానికి తగ్గట్టు ఇచ్చేవాళ్లు మంచివాళ్లు. నాకు ఇచ్చింది పావుగంట సాధనే. అది చిన్నదిగా ఉండబట్టే మానకుండా చేయగలిగాను.

మంచి థెరపిస్టు దొరికేదాకా మీకు నొప్పి తెచ్చిన ఆసనాలు ఆపేయండి. నేల మీద వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద ఆనించి, తల కింద పల్చటి దిండు పెట్టుకుని పది నిమిషాలు ఊపిరిని గమనించండి. ఎక్కువమందికి ఇది నడుముకు విశ్రాంతినిస్తుంది. అలా పడుకున్నా కాలు లాగితే మానేయండి. ఈలోపు ఒక చిన్న పుస్తకంలో నొప్పి కూర్చుంటే పెరుగుతోందా, నడిస్తే పెరుగుతోందా, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోందో రాసుకోండి. మొదటి రోజు వాళ్లు అడిగేది అదే.