దాల్చినచెక్క గుడ్డులో వేయకురా చిన్నా

ఒరేయ్ చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. వెనకాల చంటాడి ఏడుపులో సగం మాటలు వినబడలేదు గానీ సంగతి అర్థమైంది. శనివారం పొద్దున్న టిఫిన్ నువ్వే చేస్తానన్నావు. చిట్టితల్లి ఫ్రెంచ్ టోస్ట్ అడిగింది, అదే, గుడ్డూ పాలల్లో ముంచి వేయించే బ్రెడ్, పైన దాల్చినచెక్క పంచదార కూడా ఉండాలంది. మీ అత్తగారూ మామగారూ విజయవాడ నుంచి దిగి పది రోజులైంది, వాళ్ల ముందు పరువు పోకూడదు. ఇంతేగా? కాఫీ తప్ప ఇంకేదీ పెట్టని వాడివి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఫోన్లో చెబితే "ఆఁ ఆఁ" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు.

ముందు నా భాగోతం విను. మేం న్యూజెర్సీలో ఈ ఎడిసన్ వచ్చిన కొత్త. మీ వదినకి అప్పుడు ఏడేళ్లు. స్నేహితురాలింట్లో తిని వచ్చి, అదే కావాలని కూర్చుంది. నాదేమో ఆవడలు చేసిన చెయ్యి. నానబెట్టడమంటే ఎంతసేపైనా నానొచ్చు అనుకుని, అప్పుడే తెచ్చిన మెత్తటి బ్రెడ్ ముక్కల్ని గుడ్డూ పాలల్లో వేసి స్నానానికి వెళ్లాను. వచ్చి తీయబోతే అంచు చేతికొచ్చింది, మిగతాది గిన్నెలో ఉండిపోయింది. పారబోయడానికి మనసొప్పక ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేశాను. మీ మామయ్య ఇంకొంచెం వెయ్యమన్నారు. మీ వదిన మాత్రం కంచం ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. తర్వాతి వారం మళ్లీ మొదలుపెట్టి, మంట పెద్దది చేసి, పొగ అలారం మోగించాను. నేను కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతుంటే పెనం మీద ముక్క బొగ్గయింది, కోస్తే లోపల పచ్చి. ఈ రెండు తప్పులూ నువ్వు చేయకుండా ఉంటే చాలు, మిగతాదంతా తేలికే.

మొదటి తప్పు బ్రెడ్‌ది. ఈ వంటకి తాజా బ్రెడ్ పనికిరాదు. ఫ్రెంచివాళ్లు దీన్ని పిలిచే పేరుకి అర్థమే 'పోయిన రొట్టె' అని. ఎండిపోయి ఇంకెందుకూ పనికిరాని రొట్టెని మళ్లీ తినేలా చేసుకునే ఉపాయమన్నమాట. రోమన్లు కూడా రొట్టె ముక్కల్ని పాలలో తడిపి వేయించి తేనె పోసుకునేవాళ్లట. తడి లేని ముక్క అయితేనే గుడ్డూ పాలూ లోపలికి పీల్చుకుని కూడా విరిగిపోకుండా నిలబడుతుంది. మెత్తటి దానిలో ముందే నీళ్లుంటాయి, ఇంకెక్కడ పీలుస్తుంది?

నువ్వుండేది టెక్సాస్‌లోనే కాబట్టి టెక్సాస్ టోస్ట్ అని మందంగా కోసిన బ్రెడ్ ఏ షాపులోనైనా దొరుకుతుంది, మామూలు ముక్కకి దాదాపు రెండింతలు ఉంటుంది. అది తీసుకో. శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు ముక్కల్ని వైర్ ర్యాక్ మీద పరిచి అలాగే వదిలెయ్. ఫ్రిజ్‌లో పెట్టకు, అందులో బ్రెడ్ గట్టిపడుతుంది గానీ తడి పోదు, రెండూ వేరు. రాత్రి మర్చిపోయావనుకో, పొద్దున్నే అవెన్‌లో 300 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పది నిమిషాలుంచి, మధ్యలో ఒకసారి తిప్పు. రంగు రాకూడదు. పైన గోరు పెడితే కాస్త గరుకుగా తగలాలి, అంతే.

బ్రెడ్ కొనేటప్పుడు ఇంకో సంగతి. యూట్యూబ్‌లో అందరూ బ్రియోష్ అనే ఫ్రెంచ్ బ్రెడ్ కొనమంటారు. రుచికి అదే బాగుంటుంది, కాదనను. కానీ అందులో గుడ్డు కలుస్తుంది, హల్లా అనే జడ అల్లిన బ్రెడ్‌లోనూ అంతే. మీ అత్తగారు గుడ్డు ముట్టరు కదా? ఆవిడకి గుడ్డు లేకుండా చేశానని పెట్టి, తర్వాత బ్రెడ్‌లోనే ఉందని తెలిస్తే ఆ టెన్షన్ నీకొద్దు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ చదివి, గుడ్డు లేదని చూసుకునే కొను. అందరికీ ఒకటే బ్రెడ్ అయితే ఏ గొడవా లేదు.

ఇక గుడ్డు కలపడం. నాలుగు గుడ్లకి ఒక కప్పు పాలు, అంటే ఒక్కో గుడ్డుకి పావు కప్పు. పాలు ఎక్కువైతే లోపల తడితడిగా ఉంటుంది, గుడ్డు ఎక్కువైతే బ్రెడ్ ఆమ్లెట్ అవుతుంది. పూర్తి వెన్న ఉన్న పాలే వాడు. ఒక టేబుల్ స్పూన్ పంచదార, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ వెనిలా. ఆ మందం ముక్కలు ఆరేడుకి సరిపోతుంది. బాగా గిలక్కొట్టి జల్లెడలో వడకట్టు. ఇది మాత్రం మానకు. తెల్లసొన తీగలు మిగిలాయంటే ముక్క అంచున తెల్లగా ఉడికి వేలాడతాయి, నీచు వాసన కూడా వాటి దగ్గరే ఎక్కువ తెలుస్తుంది. మనవాళ్లు మొదట పట్టేది ఆ వాసనే కదా!

ఇప్పుడు నువ్వు అడగని ముఖ్యమైన సంగతి. దాల్చినచెక్క పొడి గుడ్డులో వేయకు. అందరూ వేస్తారు, నేనూ చాలా ఏళ్లు వేశాను. అది కరగదు. ఎంత కలిపినా పైకి తేలి తెట్టులా నిలుస్తుంది. మొదట ముంచిన ముక్క ఆ తెట్టంతా అంటించుకుని మచ్చలు మచ్చలుగా వస్తుంది, నాలుగో ముక్క దగ్గరికొచ్చేసరికి వాసన కూడా ఉండదు. పైగా పెనం మీద ఆ పొడి మాడి చేదెక్కుతుంది. చెక్కంతా పంచదారలోనే ఉండాలి, పంచదార ఆఖర్న, పెనం దించాకే పడాలి.

దానికి వెడల్పాటి పళ్లెంలో అర కప్పు పంచదార, రెండు టేబుల్ స్పూన్ల దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు వేసి వేళ్లతో కలిపి పెట్టుకో. నాలుగు వంతుల పంచదారకి ఒక వంతు చెక్క. చెక్క ఇంతకంటే ఎక్కువైతే పిల్లలకి నాలుక మండుతుంది.

ఏ చెక్క అంటావా? మామూలు షాపుల్లో పొడి చేసి అమ్మేది ఎక్కువగా కేసియా. ముదురు రంగు, ఘాటు. సిలోన్ చెక్క వేరు. చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. సిలోన్‌ది పల్చటి పొరలు పొరలుగా చుట్టలా ఉండి, నలిపితే పొడిపొడిగా రాలుతుంది. కేసియా ఒకటే మందపాటి బెరడు, చెక్కలాగే గట్టిగా ఉంటుంది. దాన్ని ఇంట్లో మెత్తగా పొడి కొట్టడం కష్టం. మీ దగ్గర మెక్సికన్ దుకాణాలకి కొదవ లేదుగా, అక్కడ కనేలా అని అడుగు, వాళ్లు వాడేది సిలోన్ చెక్కే. అందులో తీపి వాసన ఉంటుంది, పంచదారతో బాగా కలుస్తుంది. కేసియాలో కూమరిన్ అనే పదార్థం బాగా ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదంటారు. ఎప్పుడో ఒక శనివారం తింటే ఏమీ కాదు. చిట్టితల్లి రోజూ కావాలని పేచీ పెడితే మాత్రం సిలోన్‌ది కొనిపెట్టుకో. బిర్యానీలోకి నేను కేసియానే వాడతాను, అక్కడ ఆ ఘాటు కావాలి.

పెనం విషయం. దోసె పెనం జోలికి పోకు! మీ అత్తగారు వస్తూ వస్తూ తెచ్చిన ఆ ఇనప పెనం మీద గుడ్డు పడిందంటే ఇక ఆవిడ దాని మీద దోసె వేసుకోరు. నాన్‌స్టిక్‌ది వెడల్పాటిది తీసుకో, ఆవిడ ముక్కలకి వేరే చిన్నది పెట్టు. మంట మీడియం కంటే కొంచెం తక్కువ. దోసెకి పెట్టినంత వేడి పెడితే నా బొగ్గు కథే మళ్లీ. వట్టి వెన్నతో వేయించకు, వెన్నలో ఉండే పాల పదార్థమే ముందు మాడి నల్లబడుతుంది. నెయ్యి అంటే అది తీసేసిన వెన్నే కదా, అందుకే నెయ్యితో వేయించి, తిప్పాక ఆఖరి నిమిషంలో చిన్న వెన్న ముక్క పక్కన పడెయ్. వాసన మేడ మీదికి పోయి చిట్టితల్లిని లేపుతుంది.

ముక్కని గుడ్డులో ఒక్కోవైపు ముప్పై సెకన్లు. మునిగాక గిన్నె మీద పట్టుకుని కారేది కారనివ్వు, అప్పుడు పెనం మీద పెట్టు. పెట్టిన ముక్కని కదపకు, అట్లకాడతో నొక్కకు. మూడు నాలుగు నిమిషాలకి అంచు కింద బంగారు రంగు కనిపిస్తుంది, తిప్పు. రెండో వైపు కూడా కాలాక మధ్యలో వేలితో తట్టి చూడు. స్పంజిలా పైకి లేస్తే అయినట్టు, పక్కనుంచి పల్చగా ఏదైనా ఊరితే ఇంకో నిమిషం. రెండు వాయిలకొకసారి పెనాన్ని పేపర్ టవల్‌తో తుడిచి మళ్లీ నెయ్యి వెయ్యి.

పెనం నుంచి తీసిన ముక్కని నేరుగా పంచదార పళ్లెంలో పడెయ్యాలి. ఒక వైపు, రెండో వైపు, నాలుగు అంచులూ. ఒంటి మీద నెయ్యి మెరుస్తుండగానే అయిపోవాలి, ఆరిందంటే పంచదార పట్టదు, రాలిపోతుంది. అద్దిన ముక్కని కంచాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చకు. ఆవిరికి చెమట పట్టి పంచదార పాకంలా కారిపోతుంది. అవెన్ 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పెట్టి, లోపల వైర్ ర్యాక్ మీద విడివిడిగా ఉంచు. అప్పుడు అందరూ ఒకేసారి కూర్చుని తినొచ్చు, నువ్వు కూడా. మన ఇళ్లల్లో దోసెలు వేసే మనిషి ఎప్పుడూ ఆఖర్న చల్లారిన దోసె తింటుంది. మీ అమ్మ, నేను, మా అమ్మ అందరం అలాగే తిన్నాం. దీనికి ఆ అవసరం లేదు.

మీ అత్తగారిది ముందే చేసెయ్, గుడ్లు పగలగొట్టకముందే. ఒక కప్పు పాలలో రెండు టేబుల్ స్పూన్ల వెనిలా కస్టర్డ్ పౌడర్, ఒక స్పూన్ పంచదార. ఇండియన్ స్టోర్‌లో దొరికే కస్టర్డ్ పౌడర్ అంటే మొక్కజొన్న పిండి, రంగు, వాసన, అంతే. అసలు అది పుట్టిందే గుడ్డు పడనివాళ్ల కోసం. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, గుడ్డు పడని తన భార్య కోసం తయారుచేశాడు. పిండి అడుక్కి దిగిపోతుంది కాబట్టి ముంచే ప్రతిసారీ గిన్నె కలుపు. ఈ ముక్కని ఒక్కోవైపు పది సెకన్లకి మించి ఉంచకు. గుడ్డు లేదు కాబట్టి పట్టి ఉంచేదేమీ లేదు. నెయ్యి కొంచెం ఎక్కువ వెయ్యి. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ ఉంటుంది, ఆవిడకి పట్టింపు ఉందేమో, ఎందుకొచ్చిన గొడవ, ఏలకుల పొడి వేసెయ్. "మన డబుల్ కా మీఠా లాగే ఉందే" అంటారు చూడు. అది వేయించి నానబెట్టేది, ఇది నానబెట్టి వేయించేది.

మామగారికి షుగర్ అన్నావు. ఆయన కోసం పంచదార కలపకముందే ఒక గుడ్డు, పావు కప్పు పాలు వేరే గిన్నెలో తీసి ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి వెయ్యి. అదే పద్ధతి. రైల్లో తినే బ్రెడ్ ఆమ్లెట్ గుర్తొచ్చి ఆయన ఇంకోటి అడుగుతారు, బ్రెడ్ కూడా ఆయనకి లెక్కేనని గుర్తుపెట్టుకో. అమ్మాయికి పెట్టొచ్చా లేదా అన్నది మీ అత్తగారికే వదిలెయ్. బాలింత పథ్యం దగ్గర నువ్వు తలదూర్చకు.

పక్కన స్ట్రాబెర్రీలు గానీ అరటిపండు గానీ కోసి పెడితే చాలు. మేపుల్ సిరప్ బల్ల మీద పెట్టకు, పెడితే చిట్టితల్లి సగం సీసా పోసుకుంటుంది, నువ్వు కష్టపడి అద్దిన పంచదార కరుగుతుంది. పెద్దవాళ్లకి కాఫీ మాత్రం స్ట్రాంగ్‌గా ఇవ్వు.

ముక్కలు మిగిలితే పంచదార అద్దనివే ఫ్రీజర్‌లో దాచు. సోమవారం స్కూలుకి ముందు టోస్టర్‌లో వేసి, కాస్త వెన్న రాసి అప్పుడు అద్దు. అద్దినవి టోస్టర్‌లో పెట్టావో పంచదార కారి మాడుతుంది.

శనివారం పొద్దున్న మీకు ఏడంటే నాకు ఎనిమిది. తొమ్మిది దాకా ఇంట్లోనే ఉంటాను, ఏదైనా తేడా వస్తే వీడియో కాల్ చెయ్. పెనం చూపించు, నీ మొహం కాదు.

మీ అత్త