కొత్త కారు, మొదటి గీత

ప్రశ్న: కారు కొని మూడు వారాలైనా కాలేదు, అప్పుడే పార్కింగ్‌లో ఎవరో వెనక తలుపు మీద జానెడు పొడవున గీత పెట్టి వెళ్లిపోయారు. ఇంట్లోవాళ్లు అది కనబడనే కనబడదంటున్నారు గానీ, నా చూపు ప్రతిసారీ అక్కడికే పోతోంది. తలుపు మొత్తానికి రంగు వేయించమంటారా?

జవాబు: తొందరపడకండి. మీ బాధ అర్థంలేనిదేమీ కాదు; పాత కారైతే ఆ గీత పదింటిలో ఒకటిగా కలిసిపోయేది, నిగనిగలాడే ఒంటిమీద ఉన్నది అదొక్కటే కాబట్టి పొడిచినట్లు కనిపిస్తోంది.

లోహం మీద ప్రైమరు అనే అడుగు పూత, దానిపైన అసలు రంగు, అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే పారదర్శకమైన క్లియర్‌కోటు ఉంటాయి. అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకానే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ చోటు కడిగి, ఆరిన తర్వాత గీతకు అడ్డంగా గోటిని మెల్లగా జరపండి. గోరు ఎక్కడా తగులుకోకపోతే దెబ్బ పైపూతను దాటలేదనుకోవచ్చు, పాలిష్‌తో చాలావరకు పోతుంది. (టూత్‌పేస్టు రుద్దమనే సలహాదారులు ఎదురైతే నవ్వి ఊరుకోండి.) గోరు తగులుకుని, లోపల లోహం కనిపిస్తే మాత్రం తుప్పు పట్టకముందే, కారు మీది స్టిక్కర్‌లో ఉన్న రంగు కోడ్‌ ప్రకారం దెబ్బ తగిలిన చోట మాత్రమే పూసే టచప్ పెయింట్ వేయించండి.

ఫ్యాక్టరీలో అధిక వేడి మీద గట్టిపరచిన పూతను ఒక్క గీత కోసం గీకించి, పక్క తలుపుతో ఛాయ కలుస్తుందో లేదో తెలియని కొత్త రంగు వేయించడం నాకైతే నష్టపు బేరంగానే తోస్తుంది.